18 అంగుళాల చక్రాలు, నాలుగో వారం: వంద దగ్గర అదురు

నాలుగోసారి బ్యాలెన్సింగ్ చేయించాను. నాలుగు చక్రాలకూ, రెండు వైపులా, యంత్రం సున్నానే చూపించింది. అయినా గంటకు 94 కిలోమీటర్లు దాటగానే స్టీరింగ్ మళ్లీ చేతుల్లో అదరడం మొదలైంది. 102 దగ్గర అది భరించలేనంత అవుతుంది, 113 దాటితే ఏమీ ఎరగనట్టు సద్దుమణుగుతుంది. నా టయోటా జీటీ86 కారు నుంచి కంపెనీ ఇచ్చిన 17 అంగుళాల చక్రాలు తీసి, 8.5 అంగుళాల వెడల్పున్న 18 అంగుళాల పోత చక్రాలూ 225/40 టైర్లూ (225 మి.మీ. వెడల్పు, అందులో 40 శాతం పక్క గోడ ఎత్తు) వేసిన నాటి నుంచి ఇదే వరస. ఈ వేగాలన్నీ జీపీఎస్ చూపినవి, ఎందుకంటే పెద్ద టైర్ల వల్ల స్పీడోమీటరు ఇప్పుడు మునుపటి కంటే తక్కువ చూపిస్తోంది.

మిగతా సంగతులు ముందే ముగిస్తాను. ఫెండర్ లైనరుకు, అంటే చక్రం పైనుండే లోపలి తొడుగుకు, టైరు రాసుకోవడం ఒక్క క్లిప్పు జరపడంతో పోయింది. మలుపులో బండి ముక్కు నిజంగానే చురుకుగా తిరుగుతోంది. ఖాళీ ట్రాకు మీద మూడో గేరులో 60 నుంచి 100 చేరడానికి ఆరు పరుగుల సగటు 5.6 సెకన్ల నుంచి 5.8కి పెరిగింది. ఇలాంటప్పుడు అందరూ బరువునే తిట్టిపోస్తారు గానీ, నా లెక్కలో సగానికి పైగా తప్పు వ్యాసానిదే. 215/45 17 టైరు వ్యాసం 625 మి.మీ., 225/40 18 టైరుది 637 మి.మీ.; అంటే అన్ని గేర్లనూ దాదాపు 1.9 శాతం పొడవు చేసుకున్నట్టే. ఒక్కో చక్రం, టైరు కలిపి 18.9 కిలోల నుంచి 21 కిలోలకు పెరిగాయి, ఆ అదనపు బరువు తిరుగుతుంది కూడా కాబట్టి నాలుగింటికీ కలిపి బండిలో ఓ పదహారు కిలోల సామాను వేసినంత భారం, అంటే సుమారు 1.3 శాతం. 215/40 18 తీసుకుని ఉంటే వ్యాసం 629 దగ్గరే ఆగేది. చూపుకు నిండుగా ఉంటుందని 225 ఎంచుకున్నది నేనే.

ఇక అదురు దగ్గరికి వస్తాను. ముందు చక్రాలను వెనక్కీ, వెనకవాటిని ముందుకీ మార్చగానే అదురు స్టీరింగును వదిలి సీటు కిందికి చేరింది, కనుక దోషం ఆ జతలోనే ఉంది. పాత 17 అంగుళాలవి తిరిగి బిగిస్తే బండి నిశ్శబ్దంగా నడిచింది. దాంతో హబ్బులూ (చక్రం బిగించే ఇరుసు కొసలు), బుష్‌లూ (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు తొడుగులు) నిర్దోషులని తేలింది. వంద దగ్గరే ఎందుకన్నది లెక్కకు అందుతుంది. టైరు చుట్టుకొలత 2 మీటర్లు, వంద వేగంలో అది సెకనుకు 14 సార్లు తిరుగుతుంది, సస్పెన్షన్ కడ్డీలతో కలిసి చక్రం తనంతట తాను ఊగే సహజ వేగం కూడా సాధారణంగా సెకనుకు 10 నుంచి 15 సార్ల మధ్యే ఉంటుంది. అందువల్ల చిన్న లోపమైనా అక్కడికి రాగానే పెద్దదవుతుంది.

మిల్లీమీటరులో వందో వంతు తేడానూ చూపే డయల్ గేజ్ పెట్టి చూశాక కథ మారింది. బ్యాలెన్సింగ్ యంత్రం మీద రిమ్ము ఎత్తుపల్లం 0.12 మి.మీ. మాత్రమే ఉండగా, అదే చక్రాన్ని బండికి బిగిస్తే ఎడమవైపు 0.55, కుడివైపు 0.48 వచ్చింది. అంటే చక్రం వంకర కాదు, బిగింపు మధ్యకు కుదరడం లేదు. యంత్రం మధ్య రంధ్రాన్ని శంకువుతో పట్టుకుంటుంది కాబట్టి దానికి ఈ తేడా ఎప్పటికీ కనిపించదు. బండి హబ్బు 56.1 మి.మీ., చక్రం రంధ్రం 73.1 మి.మీ.; ఆ ఖాళీని నింపడానికి చక్రాలతో పాటు ప్లాస్టిక్ రింగులు ఇచ్చారు. వెర్నియర్ (సూక్ష్మ కొలతల స్కేలు) పెట్టి కొలిస్తే ఆ రింగు వెలుపల 72.7, లోపల 56.3 ఉంది. రెండు వదుళ్లూ కలిపితే 0.6, అంటే చక్రం మధ్య నుంచి 0.3 మి.మీ. వరకూ జరగగలదు. 21 కిలోల చక్రం అంతమేర జరిగితే రిమ్ము అంచుకు 27 గ్రాముల సీసం అతికించినట్టే. వంద వేగంలో దాదాపు ఐదు కిలోల బలం సెకనుకు 14 సార్లు చుట్టూ తిరుగుతూ లాగుతుంది. చక్రాల మీద అంత ఖర్చు పెట్టించుకుని ఇలాంటి రింగు చేతిలో పెట్టడం నాకు మింగుడు పడలేదు.

శంకువు ఆకారపు నట్లు చక్రాన్ని వాటంతటవే మధ్యకు లాగాలి కదా అన్న సందేహం న్యాయమైనదే. మొదట బిగించినప్పుడు గాలి గన్నుతో ఒక నట్టును పూర్తిగా బిగించాకే రెండోదానికి వెళ్లారు, నట్టు కూర్చునే గుంటలో పెయింటు కూడా మందంగానే ఉంది; అందుకే అవి లాగలేదని నా అనుమానం. జాకీ మీద, చేత్తో అన్నీ కూర్చోబెట్టి, నక్షత్రం వరసలో (పక్కపక్కవి కాక ఎదురెదురువి) 30, 80, చివరికి 120 న్యూటన్ మీటర్ల బిగువుకు బిగిస్తే ఎడమ 0.36, కుడి 0.22కి దిగాయి. ఆ తర్వాత లేత్ మీద వెలుపల 73.05, లోపల 56.15 కొలతలతో అల్యూమినియం రింగులు చేయిస్తే ఎడమ 0.20, కుడి 0.14 అయ్యాయి. ట్రాకు మీద ఎండలో బ్రేకులు మండిపోయే బండికి ప్లాస్టిక్ రింగు వేయడం నా దృష్టిలో పొరపాటే.

అయినా అదురు పావు వంతు మిగిలింది, అది కూడా ఎడమవైపే. పక్కలకు ఊగడం కొలిస్తే కుడి 0.2 ఉండగా ఎడమ 0.7 వచ్చింది. చక్రం విప్పి, హబ్బుకు ఆనే వెనక ముఖం మీద టార్చి ఏటవాలుగా వేస్తే, రెండు బోల్టు రంధ్రాల మధ్య నువ్వుగింజంత పెయింటు బొట్టు గట్టిపడి నీడ పరిచింది. దాని ఎత్తు 0.15 మి.మీ.; ముఖం వ్యాసం 140, రిమ్ముది 457 కాబట్టి అంచు దగ్గరికి వచ్చేసరికి అది దాదాపు అర మిల్లీమీటరు అవుతుంది. బ్లేడుతో గీకి, చదును రాయితో రుద్దాక ఎడమ 0.25కి వచ్చింది.

నిన్నటి పరుగులో స్టీరింగ్ దాదాపు నిలకడగానే ఉంది గానీ, 102 దగ్గర నీళ్ల సీసాలో సన్నని వలయాలు ఇంకా లేస్తున్నాయి. ఇప్పుడు నా అనుమానం టైరు మీద ఉంది. ఒకవైపు గట్టిగా, మరోవైపు మెత్తగా ఉండే లోపాన్ని సాధారణ బ్యాలెన్సింగ్ పట్టదు. వచ్చే వారం ఎడమ టైరును రిమ్ము మీద 180 డిగ్రీలు తిప్పించి చూస్తాను.

నిజానికి మనసు మళ్లీ 17 అంగుళాల వైపే లాగుతోంది. 8 అంగుళాల వెడల్పు ఎంకీ ఆర్‌పీఎఫ్1 చక్రం దాదాపు 7.2 కిలోలే, ఫోర్జ్ చేసిన (పోత పోయక ఒత్తిడితో మలిచిన) టీఈ37 చక్రం నా స్తోమతకు మించినది. ఏది చూడటానికి వెళ్లినా ఈసారి వెర్నియర్ జేబులో ఉంటుంది.