వేడెక్కితే ఆగి, చల్లారితే నడిచే ఇంజిన్: లోపం ఎలా పట్టుకున్నానంటే

బండి పాత నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, మల్టీ పాయింట్ ఇంజెక్షన్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, పికప్ బాగుంటుంది, ఐడ్లింగ్ నిలకడగా ఉంటుంది. బాగా వేడెక్కి, ట్రాఫిక్‌లో కాసేపు నిలబడి మళ్లీ కదిలాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ మామూలు వేగంతోనే తిరుగుతుంది, కానీ అందుకోదు. ఇరవై నిమిషాలు బానెట్ ఎత్తి వదిలేస్తే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. అప్పుడు ఏ పరీక్ష చేసినా అన్నీ సరిగ్గానే ఉంటాయి.

ఇలాంటప్పుడు పంపు, కాయిల్, ప్లగ్‌లు వరసగా మార్చుకుంటూ పోవడం ఎక్కువగా చూస్తాం. ఆ పద్ధతి నాకు అసలు నచ్చదు. మార్చిన పార్టు వల్ల నయమైందో, ఆ రోజు బండి అంతగా వేడెక్కక ఆగలేదో తేలదు. ఆగిన తర్వాత చల్లారేలోపు ఉండే ఆ ఇరవై నిమిషాలే మనకు పనికొచ్చే సమయం. కాబట్టి పరీక్షకు కావలసినవన్నీ బండి బాగా నడుస్తున్నప్పుడే తగిలించి పెట్టుకోవాలి.

ముందు తేలిక పనులు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తర్వాత ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు కలిపే పట్టీ. ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఫ్యాన్ వేసి, మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండో కొన ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి డీసీ వోల్టేజ్ చూశాను. 0.2 వోల్టు దాటితే ఎర్త్ పట్టీ విప్పి, తుప్పు గీకి బిగించాల్సిందే. ఇక్కడ 0.05 మాత్రమే వచ్చింది, ఎర్త్ బాగుంది. బండి కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ-2 స్కానర్‌లో కోడ్ ఏమీ లేదు. కోడ్ లేనంత మాత్రాన సెన్సర్లు బాగున్నాయని అనుకోకూడదు. ఇంజిన్ తిరుగుతోందని చెప్పే సిగ్నల్ ఆగిపోతే ఇంజిన్‌ను మనమే ఆపామని అనుకుని ఊరుకునే పాత ఈసీయూలు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్లు) ఉన్నాయి.

ఇప్పుడు అసలు ఏర్పాటు. 12 వోల్టుల చిన్న బల్బులు రెండు తీసుకుని, పొడవాటి వైర్లతో డ్యాష్‌బోర్డు మీదకు తెచ్చి టేప్ వేశాను. మొదటి బల్బు మెయిన్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) 87వ పిన్ నుంచి, అంటే కరెంటు బయటికి వచ్చే పిన్ నుంచి, ఈసీయూకీ ఇంజెక్టర్లకూ వెళ్లే కరెంటు మీద. రెండోది ఫ్యూయల్ పంపు రిలే 87వ పిన్ నుంచి, పంపుకు వెళ్లే లైను మీద. రెండు వైర్లకూ మొదట్లోనే 1 ఆంపియర్ ఫ్యూజ్ తప్పనిసరి, వైరు ఎక్కడైనా రాసుకుని షార్ట్ అయితే అదే కాపాడుతుంది. ఈ బల్బులను సెన్సర్ వైర్లకు మాత్రం ఎప్పుడూ తగిలించకూడదు, అవి లాగే కరెంటుకు ఈసీయూ లోపలి సర్క్యూట్ పోవచ్చు. స్కానర్‌ను ఆర్‌పీఎం కనిపించే లైవ్ డేటాలో ఉంచాను. స్పార్క్ టెస్టర్, మల్టీమీటర్ పక్క సీట్లో పెట్టుకున్నాను.

నడుపుతూ పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టర్‌లో ఒకటి రెండు సార్లు నొక్కడానికి సరిపడా వాక్యూమే మిగులుతుంది, పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. ఖాళీ రోడ్డు మీదే చేయాలి, బల్బులను చూసే పని పక్కన కూర్చున్న వాళ్లకు అప్పగించాలి.

బండి ఆగిన క్షణంలో మొదట చూడాల్సింది ఆర్‌పీఎం ముల్లు. గేరులోనే ఉండి బండి దొర్లుతుంటే చక్రాలు ఇంజిన్‌ను ఇంకా తిప్పుతూనే ఉంటాయి. అప్పుడు కూడా ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే సిగ్నల్‌గానీ కరెంటుగానీ పోయినట్టు. పెట్రోల్ అందక ఆగే బండి ముందు కుదుపులు ఇస్తుంది, ముల్లు వేగంతో పాటే నెమ్మదిగా దిగుతుంది. ఇక్కడ ముల్లు టక్కున పడింది. మెయిన్ రిలే బల్బు వెలుగుతూనే ఉంది, పంపు బల్బు ఆరిపోయింది.

పొరపాటు తీర్మానం జరిగేది సరిగ్గా ఇక్కడే. పంపుకు కరెంటు ఆగింది కాబట్టి పంపు రిలే పోయిందని అనిపిస్తుంది. కానీ ఆ రిలేను నడిపేది ఈసీయూ. ఇంజిన్ తిరుగుతున్నట్టు తెలియకపోతే పంపును అదే ఆపేస్తుంది, ప్రమాదం జరిగితే పెట్రోల్ పారకుండా చేసిన ఏర్పాటు అది. అందుకే తాళం ఆపి మళ్లీ ఆన్ చేసి చూశాను. పంపు బల్బు సుమారు 2 సెకన్లు వెలిగి ఆరింది. అంటే రిలే, ఫ్యూజ్, ఈసీయూ ఇచ్చే ఆజ్ఞ మూడూ బాగున్నాయి. తర్వాత సెల్ఫ్ కొట్టించాను. ఇంజిన్ తిరుగుతోంది, పంపు బల్బు మాత్రం వెలగలేదు. స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా. స్పార్క్ టెస్టర్‌లో స్పార్క్ లేదు. ప్లగ్ వైరు ఊడదీసి గాల్లో వదిలి స్పార్క్ చూసే అలవాటు మంచిది కాదు, కాయిల్ లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

పంపు, స్పార్క్, ఆర్‌పీఎం మూడూ ఒకేసారి పోయాయి, మెయిన్ కరెంటు మాత్రం ఉంది. ఈ మూడింటికీ మూలం ఒకటే, ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ తిరుగుతోందని ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సర్ సిగ్నల్.

బల్బులు వేరే రకంగా చెప్పి ఉంటే దారి మారేది. మెయిన్ రిలే బల్బు ఆరితే ఆ రిలే, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. రిలే మూత తీసి పిన్నుల దగ్గర టంకం చుట్టూ ఉంగరంలా సన్నని పగులు ఉందేమో భూతద్దంతో వెతకాలి. వేడికి ఆ పగులు తెరుచుకుంటుంది. పంపు బల్బు వెలుగుతూనే ఉండి ఇంజిన్ ఆగితే ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టాలి. చాలా పెట్రోల్ ఇంజెక్షన్ బళ్లలో 2.5 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె ఆ మోడల్ మాన్యువల్‌లో చూసుకోవాలి.

క్రాంక్ సెన్సర్ ఈ బండిలో రెండు వైర్ల ఇండక్టివ్ రకం. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ. మూడు వైర్లది అయితే ఎక్కువగా హాల్ రకం (లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉండేది), దాన్ని ఓం మీటర్‌తో పరీక్షించకూడదు. దానికి సప్లై, ఎర్త్, సిగ్నల్ విడివిడిగా చూడాలి.

చల్లగా ఉన్నప్పుడు ముందే కొలిచి రాసుకున్న విలువ 870 ఓంలు. ఆగిన వెంటనే ఇగ్నిషన్ ఆపి, సెన్సర్ కనెక్టర్ విప్పి కొలిస్తే మీటర్ ఓఎల్ చూపించింది, అంటే సర్క్యూట్ తెగింది. ఈ రెండు కొలతలనూ అర్థం చేసుకోవాలంటే ఒక లెక్క తెలియాలి. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 870 ఉన్న తీగ 95 డిగ్రీల దగ్గర 1100 చూపించడం సహజం. వేడిలో 1100 వచ్చిందని మంచి సెన్సర్‌ను పారేయకూడదు. ఓఎల్ మాత్రం సహజం కాదు.

సెన్సర్ పోయిందనడానికి ముందు వైరింగ్‌ను తేల్చాలి. బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీయూ కనెక్టర్ విప్పి, అక్కడి పిన్ను నుంచి సెన్సర్ కనెక్టర్ దాకా ఒక్కో వైరునూ కొలిచాను. రెండూ 1 ఓం లోపే. ఇంజిన్ ఊగే చోట వైరింగ్ వంగుతుంది కాబట్టి అక్కడ వైర్లను వంచుతూ, లాగుతూ మళ్లీ చూశాను, అంకె కదల్లేదు. రెండు వైర్లకూ మధ్య, వైర్లకూ వాటి చుట్టూ ఉండే లోహపు తొడుగుకూ (షీల్డు) మధ్య షార్ట్ లేదు. లోపం సెన్సర్ లోపలే.

విప్పిన సెన్సర్‌కు మీటర్ తగిలించి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో వేడి చేశాను. 870 నుంచి 900, 950, అలా మెల్లగా ఎక్కి, వెయ్యి దాటాక ఒక్కసారిగా ఓఎల్. డ్రయ్యర్ ఆపితే కాసేపటికి అంకె తిరిగి వచ్చింది. తీగ, దాని చుట్టూ పోసిన రెసిన్ వేడికి ఒకే మోతాదులో వ్యాకోచించవు. ఏళ్ల తరబడి ఆ లాగుడుకు తీగ ఎక్కడో తెగుతుంది, చల్లగా ఉన్నంతసేపు తెగిన కొనలు తాకుతూ ఉంటాయి. బండి ట్రాఫిక్‌లో నిలబడ్డాక మొరాయించడానికీ కారణం ఇదే. నిలబడితే గాలి తగలదు, బ్లాక్ పక్కనున్న సెన్సర్ నడుస్తున్నప్పటికంటే ఎక్కువ వేడెక్కుతుంది. ఇంజిన్ ఆపాక కూడా కొన్ని నిమిషాలు ఆ వేడి పెరుగుతూనే ఉంటుంది.

కొత్తది బిగించేటప్పుడు, సెన్సర్ కూర్చునే చోటును గుడ్డతో తుడిచాను. అయస్కాంతం కాబట్టి పాతదాని మొనకు ఇనుప రజను బాగా పట్టి ఉంది. క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రానికీ సెన్సర్‌కూ మధ్య ఎడం సాధారణంగా 0.5 నుంచి 1.5 మిల్లీమీటర్లు. సెన్సర్ వంకరగా కూర్చున్నా, కింద మట్టి ఉన్నా ఆ ఎడం పెరిగి సిగ్నల్ బలహీనపడుతుంది. వైరును సైలెన్సర్ పైపుకూ ప్లగ్ వైర్లకూ దూరంగా, పాత క్లిప్పుల్లోనే పోనిచ్చాను. తర్వాత కనెక్టర్ పెట్టకుండా, మీటర్‌ను ఏసీ వోల్టుల్లో ఉంచి సెల్ఫ్ కొట్టించి చూశాను. అర వోల్టుకు పైగా వచ్చింది.

బల్బులు రెండూ డ్యాష్‌బోర్డు మీద అలాగే ఉంచి, బండిని వేడెక్కించి, ఏసీ వేసి, ఫ్యాన్ పలుమార్లు తిరిగేదాకా ఐడ్లింగ్‌లో నిలబెట్టాను. ఆపి, పది నిమిషాల తర్వాత, అంటే వేడి బాగా పెరిగి ఉండే సమయంలో, మళ్లీ స్టార్ట్ చేశాను. వెంటనే అందుకుంది. అలాగే మళ్లీ మళ్లీ చేసి, సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ స్కానర్‌లో ఆర్‌పీఎం 200 దరిదాపుల్లో కనిపిస్తోందని చూసుకున్నాకే బల్బుల వైర్లు విప్పాను.