పర్లాకిమిడిలో కీర్తనల సాయంత్రం

నౌపడా జంక్షన్లో గుణుపూర్ బండి ఎక్కితే టెక్కలి, పాతపట్నం దాటాక పర్లాకిమిడి వస్తుంది. స్టేషన్ బోర్డు మీద ఒడియా కనబడేదాకా రాష్ట్రం మారిన సంగతే తెలియదు. 1900లో ఇక్కడి రాజావారి చొరవతో నారోగేజీగా మొదలైన లైను ఇది, ఇప్పుడు బ్రాడ్‌గేజీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. పెళ్లి సంబంధాలు మాత్రం రెండువైపులా నడుస్తూనే ఉన్నాయి. మా మేనత్తను ఇచ్చింది కూడా ఇక్కడికే.

రాజుగారి కోట, కొమ్ముతో చేసిన బొమ్మలు చూశాను. వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వచ్చింది అత్తవాళ్ల తెలుగు చర్చిలో క్వయర్ వినడానికి. మర్నాడు ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం, ఆ సాయంత్రం ప్రాక్టీసు.

హార్మోనియం ముందు ఒక రిటైర్డు మాస్టారు. ఆయన తండ్రీ ఈ క్వయర్‌లోనే పాడారట. పెళ్లికి వీళ్లే, చావుకి వీళ్లే, క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగేదీ వీళ్లే. "పల్లవి నేనెత్తుతాను, రెండోసారి అందరూ అందుకోండి. లాగకండి. లాగితే యేసు శ్రమల పాట కాస్తా జోలపాట అయిపోద్ది" అన్నారు. అయినా వెనక వరసలో మగవాళ్లు లాగనే లాగారు.

ఆ సాయంత్రం పాడినవి ఎక్కువగా పురుషోత్తమ చౌదరిగారివే. 1803లో ఈ పర్లాకిమిడి ప్రాంతంలోనే బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో క్రైస్తవం పుచ్చుకున్న మనిషి. 1890లో పోయేనాటికి నూటికి పైగా తెలుగు కీర్తనలు రాశారు. దొరల ట్యూన్లకు మాటలు అతికించినవి కావవి. పల్లవి, చరణాలతో మన బాణీలో కట్టినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అయితే ఆ రాగానికీ వీళ్ల నోట వచ్చేదానికీ రెండు మూడు చోట్ల పొంతన లేదు. ఉండబట్టలేక అడిగాను.

"మా నాయన ఇలాగే పాడేవారు బాబూ. పుస్తకం చూసి ఎవరు నేర్చుకున్నారు?"

నిజం చెప్పాలంటే నాకు పుస్తకంలో రాగం కన్నా వీళ్ల వరసే నచ్చింది. చరణం చివర ఒక మెలిక ఉంది, అది ఏ స్వరలిపికీ లొంగేది కాదు.

నా పక్కన కూర్చున్న పిల్ల నోట్‌బుక్కులోకి తొంగిచూశాను. పాట తెలుగు, అక్షరాలు ఒడియా. చదివేది ఒడియా మీడియం మరి. ఒడియా లిపిలో ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపే గుర్తులు లేవు. అందుకని దీర్ఘం ఉన్న చోటల్లా ఎర్ర ఇంకుతో అడ్డగీత పెట్టుకుంది. ఊపిరి తీసుకోవాల్సిన చోట చుక్క. సవర గిరిజనుల భాషను తెలుగు లిపిలో పెట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. ఇప్పుడు తెలుగు వంతు వచ్చిందన్నమాట.

చివర్లో కీబోర్డు పంచాయితీ. కుర్రాళ్లు కొత్తది కొన్నారు, దాంతోనే పాడాలని పట్టు. మాస్టారు వద్దనలేదు. మిశ్రచాపులో ఉన్న పాట తీసి "కానివ్వండి" అన్నారు. ఏడక్షరాల నడక. కుర్రాడు బటన్లన్నీ నొక్కి చూశాడు, ఒక్క బీటూ కుదరలేదు. డోలక్ మళ్లీ ముందుకొచ్చింది.

కానీ ఆ పాటే పొద్దున మాస్టారినీ ఇరికించింది. ఈత మట్టలు పట్టుకుని ఊరేగింపుగా బయలుదేరాం. ఏడు లెక్కకి రెండు కాళ్లు ఎలా కుదురుతాయి? ముందు నడిచే ఆడవాళ్లు ఆగడం, వెనకవాళ్లు వాళ్లమీద పడటం. బజారు మలుపు దాకా ఓపిక పట్టి, మాస్టారు చెయ్యెత్తి ఎనిమిదక్షరాల ఆదితాళంలో ఇంకో పల్లవి అందుకున్నారు. కీబోర్డు కుర్రాడు మా అత్త పక్కన నడుస్తున్నాడు. "ఇదైతే నా దాంట్లో ఉంది పిన్నీ" అన్నాడు, అందరికీ వినబడేలాగ.