అమ్మకు నిండు చెరువు చూపించాల

వచ్చే నెల అమ్మను కొడైకెనాల్ తీసుకుపోతున్నా. మూడు రోజులే. కానీ వారం నుంచి మా అనంతపురం ఇంట్లో వేరే మాటే లేదు.

"చెరువు చూడ్డానికి అంత దూరమా నాయనా, మన బుక్కరాయసముద్రం చెరువు లేదా?" అంది. నిజమే, మా ఊరి పేరే అనంతసాగరం చెరువు నుంచి వచ్చింది. కానీ ఎండిన చెరువుల్నే ఎక్కువేండ్లు చూసిన మనిషి ఆమె. ఏడు వేల అడుగుల ఎత్తున, మబ్బుల్లో, నిండుగా నీళ్లు ఒక్కసారైనా చూడాల. అదీ తనంతట పుట్టిన సరస్సు కాదు, 1863లో వీర్ లెవింజ్ అనే కలెక్టరు కట్ట వేయిస్తే నిలిచిన నీళ్లే అని చెప్పినా. "అట్లయితే మన చెరువు మాదిరే కదప్పా!" ఆమె మొహం వెలిగిపోయింది.

బెంగళూరు దాకా బస్సు, రాత్రి రైల్లో కొడైకెనాల్ రోడ్ స్టేషను, అక్కణ్నుంచి ఘాట్ దారి. కారులో పోయేవాళ్లు ముందే ఈ-పాస్ తీసుకోండి, 2024 మే నుంచి తప్పనిసరి.

పోయినేడు వేరే ఊర్లో ఫోటో చూసి గది తీసుకుంటే కిటికీ తెరవగానే గోడ! అందుకే ఈసారి ఫోన్ చేసి ఎన్ని మెట్లున్నాయో కూడా అడిగినా. అమ్మ మోకాళ్ల నొప్పి నాకు తెలుసు.

నిన్న రాత్రి ఆమె ట్రంకు పెట్టెలోంచి నాయన స్వెటర్ తీసింది. కలరా ఉండల వాసన. ఊడిన గుండీ చోట ఇంకోటి కుడతా, "చెనిక్కాయల పొడి ఎంత పెట్టమంటావు?" అనడిగింది.