రేషన్ కార్డు తీసేస్తే ఆరోగ్యశ్రీ కూడా పోయినట్టేనా?

మా పిన్ని వాళ్ళది తెనాలి. కింద వాళ్ళుంటారు, పై వాటా అద్దెకిచ్చారు, రెండిటికీ కలిపి ఒకటే మీటర్. పైన దిగినవాళ్ళు ఏసీ పెట్టుకున్నారు, దాంతో ఆరు నెలల కరెంటు యావరేజ్ నెలకి 300 యూనిట్లు దాటింది, ఇంకేముంది, రైస్ కార్డు (బియ్యమిచ్చే రేషన్ కార్డు) ఎగిరిపోయింది. వార్డు సచివాలయంలో అడిగితే సిక్స్ స్టెప్‌లో, అంటే అర్హత చూసే ఆరు తనిఖీల్లో, ఇనెలిజిబుల్ చూపిస్తోందండీ అన్నారంట. బియ్యమేగా, పోతే పోయిందిలే అని బాబాయ్ ఊరుకున్నాడు.

2022లో పిన్నికి ఒకరోజు తెల్లారుజామున గుండెలో నొప్పి, చెమటలు. గుంటూరు తీసుకెళ్ళాం, యాంజియోగ్రామ్ తీసి రెండు బ్లాకులున్నాయి స్టెంట్లు వెయ్యాలి అన్నారు. కౌంటర్ దగ్గర ఆరోగ్యశ్రీ ఉందా అని అడిగితే బాబాయ్ పాపం నిజాయితీగా "లేదండీ, కార్డు తీసేశారు" అన్నాడు. అయితే క్యాష్ కట్టుకోండి, రెండు లక్షల పైనే అవుద్ది అన్నారు, అంతే, ఇంకో ప్రశ్న లేదు. అప్పటికే మా అమ్మ మెడలో గొలుసు తీస్తోంది తాకట్టుకి.

నాకెందుకో డౌటొచ్చి ఆరోగ్యమిత్ర, అంటే ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే మనిషి, ఎక్కడుంటారని అడిగా. ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ హాస్పిటల్ అంటే ఈ మనిషి ఉండాలి కదా, ఉంది, మెట్ల పక్కన ఒక చిన్న టేబులేసుకుని కూర్చుంది, అక్కడ బోర్డు కూడా సరిగ్గా కనపడదు. పిన్ని ఆధార్ నంబర్ కొట్టి చూసి "యాక్టివ్‌లోనే ఉందండీ, ఎవరు చెప్పారు లేదని?" అంది. బాబాయ్ మొహం చూడాలి అప్పుడు.

సంగతేంటంటే ఇదివరకు తెల్ల కార్డుంటే అన్నీ ఉన్నట్టే. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పట్నుంచీ మనవాళ్ళకి అదే అలవాటు, తెల్ల కార్డు పట్టుకుంటే ఆపరేషన్ అయిపోద్ది. కానీ ఆంధ్రాలో 2019 తర్వాత బియ్యానికి వేరే కార్డు, ఆరోగ్యశ్రీకి వేరే కార్డు చేశారు, రూల్స్ కూడా వేరే. రైస్ కార్డుకి పల్లెల్లో నెలకి 10 వేలు, టౌన్లలో 12 వేల లోపే ఆదాయం ఉండాలి, మాగాణి అయితే 3 ఎకరాలు దాటకూడదు, సొంతానికి కారు ఉండకూడదు. ఆరోగ్యశ్రీకి అంత ఇరుకు లేదు, ఇంటి మొత్తం ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు, మాగాణి 12 ఎకరాల దాకా, ఒక కారున్నా పర్లేదు. మా తమ్ముడికి, అంటే పిన్ని కొడుక్కి, హైదరాబాద్‌లో నెలకి 30 వేల జీతం, అంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు, వాడి ఉద్యోగం వల్లే కార్డు పోయిందేమో అని పిన్ని లోపల్లోపల కుమిలిపోతోందంట! బాబాయ్ కొట్టు మీద మిగిలేది నెలకి 10 వేలు, అదీ కలిపినా 5 లక్షలు దాటదు, నేను ఐసీయూ బయట ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి మరీ లెక్కేసి చూపించా.

ఆ మిత్రమ్మాయే కాగితాలు ఎక్కించింది, అప్రూవల్ వచ్చింది, స్టెంట్లు పడ్డాయి, మేం ఒక్క రూపాయి కట్టలేదు. ఇంటికొచ్చాక చూస్తే క్యూఆర్ కోడున్న ఆరోగ్యశ్రీ కార్డు బీరువాలో చీరల కింద ఉంది, వాలంటీర్ ఎప్పుడో ఇచ్చి వెళ్ళాడంట, రైస్ కార్డు పోయింది కదా ఇదీ చెల్లదు అనుకుని అక్కడ పడేసింది.

నాకు ఒళ్ళు మండింది ఆ కౌంటర్ వాళ్ళ మీద. లేదు అన్న మనిషిని ఒకసారి చెక్ చేయించుకోండి అనడానికి ఎంతసేపు పడుద్ది? అందుకే మీవాళ్ళెవరికైనా ఇట్టాంటిది వస్తే కౌంటర్‌లో మాట నమ్మి డబ్బులు కట్టేయకండి, ఆధార్ తీసుకుని ముందు ఆరోగ్యమిత్ర దగ్గరకెళ్ళండి, లేదా 104కి చెయ్యండి. ఇప్పుడు ఆరోగ్యశ్రీ పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, వైద్యం ఖర్చు లిమిట్ కూడా 2023 డిసెంబర్లో 25 లక్షలు చేశారు. తెలంగాణలో ఉన్నవాళ్ళు మాత్రం ఈ లెక్కలు చూసుకోకండి, అక్కడి పద్ధతి వేరు. ఇంట్లో 70 దాటినవాళ్ళుంటే అది ఇంకో దారి, 2024 అక్టోబర్ నుంచి ఆయుష్మాన్ భారత్‌లో వాళ్ళకి ఆదాయంతో పనిలేకుండానే ఏడాదికి 5 లక్షల దాకా కవర్ పెట్టారు.

పిన్ని బాగానే ఉంది, కార్డు ఇప్పుడు దేవుడి గూట్లో ఉంటోంది. రైస్ కార్డు మాత్రం ఇంకా రాలేదు. పై వాటాకి వేరే మీటర్ పెట్టించు బాబాయ్ అంటే వచ్చే నెల పెట్టిస్తా అంటాడు, రెండేళ్ళ నుంచీ అదే మాట.