గర్భిణుల మూత్రంలో ప్రొటీన్ పరీక్ష: నా అనుభవం

వరంగల్ జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ పని నాది. ప్రతి నెలా 9వ తారీఖున గర్భిణుల పరీక్షలు ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా అనే జబ్బు కోసం మూత్రంలో ప్రొటీన్ చూస్తాం. ప్రొటీన్ ఉంటే పసుపు నుంచి ఆకుపచ్చకు మారే పట్టీని ముంచి చూడటం నిమిషం పనే, కానీ తప్పులు చాలావరకు ఆ నిమిషానికి ముందే జరిగిపోతాయి.

డబ్బా చేతికిచ్చేటప్పుడే చెప్తాను: "మంచిగ కడుక్కో అక్కా, మొదటి ధార ఇడిసిపెట్టు, నడిమిట్ల వచ్చేది పట్టు." తెల్లబట్ట గానీ రక్తం చుక్క గానీ కలిసిందంటే కిడ్నీ నుంచి రాని ప్రొటీన్ కూడా లెక్కలోకి వస్తుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా అంతే. లైన్‌లో నిలబడి చెంబెడు నీళ్లు తాగొస్తే మూత్రం పలచబడి, ఉన్న ప్రొటీన్ దొరకదు. మే నెల ఎండలో చుక్క నీళ్లు తాగకుండా ఆటోలో వచ్చినామెకు చిక్కబడి లేనిపోని 1+ (కొద్దిగా ప్రొటీన్ ఉందనే గుర్తు) కనపడొచ్చు. పొద్దున ఇంట్లో పట్టి పదకొండింటికి తెచ్చిన మూత్రం నేను తీసుకోను. నిల్వ ఉంటే క్షారగుణం పెరిగి పట్టీ ఊరికే ఆకుపచ్చగా మారుతుంది.

పట్టీ తీయగానే సీసా మూత బిగించాలి. తేమ తగిలితే మిగతావన్నీ పాడైనట్టే. రంగు గడిని వేలితో ముట్టకుండా ముంచి, వెంటనే తీసి, అంచు తుడిచి, అడ్డంగా పట్టుకోవాలి. సీసా మీద రాసిన సమయానికే, సాధారణంగా 60 సెకన్లకు, వెలుతురులో చూడాలి. ఆలస్యమైతే రంగు ముదిరి మోసం చేస్తుంది. 1+ అంటే డెసిలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు, 2+ అంటే 100, 3+ అంటే 300.

పట్టీలు అయిపోతే పాత పద్ధతే. గాజు గొట్టంలో మూడింట రెండు వంతులు మూత్రం పోసి పైభాగం మాత్రమే కాచాలి. తెల్లమబ్బు పడితే ఎసిటిక్ ఆమ్లం మూడు నాలుగు చుక్కలు వేయాలి. మబ్బు విరిగిపోతే అది ఫాస్ఫేట్లు, నిలిస్తే ప్రొటీన్.

1+ వచ్చినా బీపీ చూడకుండా ఏమీ తేల్చలేం. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూడాలి. 20 వారాలు దాటాక, నాలుగు గంటల తేడాతో రెండుసార్లు 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరు ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి రాస్తారు, అంటే ఒక్కసారి పోసిన మూత్రంలోనే ప్రొటీన్‌ను క్రియాటినిన్ అనే వ్యర్థంతో పోల్చి చూసే పరీక్ష. 0.3 గానీ ఆపైన గానీ వస్తే ప్రొటీన్ నిజంగానే పోతున్నట్టు. 24 గంటల మూత్రమైతే హద్దు 300 మిల్లీగ్రాములు. ఇందులో అందరూ తడబడేది మొదటిసారి దగ్గరే. పొద్దున ఆరింటికి పోసింది పారబోసి, అక్కడి నుంచి ప్రతి చుక్కా పట్టి, మర్నాడు ఆరింటిది కూడా కలపాలి. ఒక్కసారి మరిచినా లెక్క తప్పుతుంది, మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

పట్టీ పరీక్షను ప్రీఎక్లాంప్సియాను ముందే చెప్పే పరీక్ష అనుకుంటారు. కానీ మాయలో (ప్లాసెంటాలో) మొదలైన తేడా కిడ్నీ జల్లెడ దాకా వచ్చాకే ప్రొటీన్ దిగుతుంది. అందుకే ఈ నెల లేదంటే వచ్చే నెల కూడా ఉండదని కాదు, వచ్చిన ప్రతిసారీ చూడాల్సిందే. బీపీ పెరిగి తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే పట్టీ పసుపుగానే ఉన్నా వెంటనే డాక్టరుకు చూపిస్తాను. బీపీ 160/110 గానీ అంతకు మించి గానీ ఉంటే మూత్రం కోసం ఆగం, 108కి ఫోన్ చేస్తాం.

కార్డు మీద "నార్మల్" అని రాయను. పట్టీ రీడింగ్, బీపీ, ఎన్నో వారం, ఈ మూడూ రాస్తాను. అర్ధరాత్రి పెద్దాసుపత్రిలో ఆమెను చూసే డాక్టరు చేతిలో ఆ కార్డు ఒక్కటే ఉంటుంది.