గెలికితే పాకిపోతాదా?

పదకొండు దాటింది. లైటు ఆర్పమని అమ్మ రెండుసార్లు కేకేసింది. ఈ చిరాకు దిగితే గాని నిద్ర పట్టేలా లేదు, అందుకని మీ ప్రాణాలు తీస్తున్నాను.

నాన్న సంగతి మీకు కొత్త కాదు. నేను శ్రీకాకుళంలో బస్సు దిగేసరికే వీధంతా "మా పాప కేన్సర్ డాక్టరు" అని చెప్పేసి ఉంటారు. డాక్టర్ని కాదు నాన్నా, ప్లేట్లలో కణాలు పెంచి అవి ఎందుకు కదులుతాయో చూస్తాను, అంతే, అంటే "అదేలే, కేన్సరే గదా" అంటారు. ఆ పుణ్యమా అని సెలవుకి వచ్చినప్పుడల్లా మా వరండాలో ఎవరో ఒకరు స్కానింగ్ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ఈసారి ఎదురింటి దొడ్డమ్మ.

దొడ్డమ్మకి అంగిట్లో పుండు. సంక్రాంతి నుంచీ ఉందట. ఇప్పుడు జీడిమామిడి పళ్లు కూడా అయిపోవస్తున్నాయి. ఇన్నాళ్లూ ఒక డాక్టరు గారు బీ కాంప్లెక్స్ మాత్రలు, నోట్లో పూసుకునే జెల్లు రాసిస్తూ వచ్చారు. టార్చి వేసి అంగిలి చూశారా అని అడిగితే, దొడ్డమ్మ కాసేపు గుర్తు చేసుకుని "నాలిక సూసినారమ్మా" అంది. చివరికి ఇంకో డాక్టరు చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. బండి అక్కడ ఆగిపోయింది.

"ముక్క కొయ్యనియ్యనే గుంటా. కత్తెట్టి గెలికితే ఒళ్లంతా పాకిపోతాదట. మా తోటికోడలికి అలాగే అయినాది. గెలకనంత కాలం బానే ఉన్నాది. గెలికినారు, ఆర్నెల్లు తిరక్కుండా పోనాది."

వాళ్లబ్బాయి డిగ్రీ చదివినవాడు, ఉద్యోగస్తుడు. వాడైనా ఏదో ఒకటి అంటాడనుకుంటే, పక్కన నిలబడి తలూపుతున్నాడు! యూట్యూబ్‌లో కూడా అలాగే చెప్పారట. నాకు ఒళ్లు మండింది. ఉన్న ఓపికంతా కూడదీసుకుని, పుండు ఏమిటో తెలియకుండా మందు ఎలా వేస్తారు, మత్తు సూది ఇచ్చి బియ్యపు గింజంత తీస్తారు, దానికే పాకదు, అని గట్టిగానే చెప్పాను. దొడ్డమ్మ విని, "నువ్వు సదూకున్నదానివి, సెప్తావు" అని కవరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ మాటకి ఏమని జవాబు చెప్పాలో ఇప్పటిదాకా తెలియలేదు.

దొడ్డమ్మ ఇప్పుడు మానేసింది గాని, ఒకప్పుడు అడ్డపొగే, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. మా మామ్మకి జత. మామ్మ గురించి ఇదివరకు రాశాను గాని ఇది రాయలేదు. సంతలో పొగాకు కొని, కాడ తీసి, ఆకు తొడ మీద పరిచి చుట్ట తనే చుట్టుకునేది. ముందు మామూలుగానే వెలిగించి రెండు దమ్ములు లాగేది. అది బాగా అంటుకున్నాక చటుక్కున తిప్పి నిప్పు వైపు నోట్లో పెట్టేసుకునేది. పెదాలు మూసి దాంతోనే ఊడుపులూడ్చేది, పిడకలు చేసేది, మమ్మల్ని తిట్టేది. చుట్ట కదిలేది కాదు. గాలికి ఆరదు, పని చేసే చేతుల మీద బూడిద రాలదు, ఒళ్లో పిల్లలకి నిప్పు తగలదు, ఇవీ ఆవిడ చెప్పే కారణాలు. కరెంటు పోయిన రాత్రి మా అందరికీ ఒకటే సరదా, "మామ్మా, ఆ అను" అనేవాళ్లం. నోరు తెరిస్తే లోపల ఎర్రగా నిప్పు కనిపించేది. పగలు చూస్తే అంగిలి సున్నం కొట్టినట్టు తెల్లగా, మధ్యమధ్య ఎర్ర చుక్కలతో ఉండేది. ముసలాళ్లందరి నోళ్లూ అలాగే ఉంటాయి కాబోలు అనుకునేదాన్ని. కారం తినలేకపోతోందని మజ్జిగన్నం పెట్టడం మొదలుపెట్టేసరికే చాలా ఆలస్యమైంది. ఆవిడకి ముక్క తీయలేదు, గెలకలేదు, ఎవరూ ఏమీ చేయలేదు. అయినా పాకి మెడలో గడ్డ కట్టింది. ఈ మాట పొద్దున దొడ్డమ్మ ముందు నోటిదాకా వచ్చింది గాని, అమ్మ అక్కడే ఉందని మింగేశాను.

పీహెచ్‌డీ మొదట్లో లైబ్రరీలో ఒక పాత పేపరు దొరికింది. 1971లో డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, మన దేశపు మెహతా వగైరాలు బ్రిటిష్ కేన్సర్ పత్రికలో వేసినది. అడ్డపొగ తాగేవాళ్ల అంగిళ్ల మీద, 10,169 మంది గ్రామస్థుల్ని చూసి రాసినది. ఆ ఊళ్లు మన జిల్లావి. విదేశీ పత్రికలో శ్రీకాకుళం పేరు చూడగానే ముందు గర్వం వచ్చింది, తర్వాత దేనికి వచ్చిందో చూసి ఆ గర్వం కాస్తా పోయింది. అంతమంది నోళ్లలోకి టార్చి వేసి చూసినవాళ్లు ఏభై ఏళ్ల కిందటే ఉన్నారు. దొడ్డమ్మ నాలిక మాత్రం చూసి పంపినవాళ్లు ఇప్పుడున్నారు. ఎక్కడికో పోతున్నాను.

సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే ల్యాబు నుంచి ఫోటోలు వచ్చాయి. రెండు నెలలుగా ఏడిపిస్తున్న ప్రయోగం శుభ్రంగా వచ్చింది. సంతోషమే. ఆ ఫోటోలు చూస్తూ చూస్తూనే పొద్దున్నే నేను దొడ్డమ్మకి చెప్పిన దాని మీద నాకే అనుమానం పట్టుకుంది.

నేను రోజూ చేసేది ఏమిటి? కణాలు ప్లేటు అడుగంతా సందు లేకుండా నిండేదాకా పెంచుతాను. పిపెట్‌కి, అంటే ద్రవాలు కొలిచి తీసే పరికరానికి, పెట్టే పసుపు టిప్పు తీసుకుని వాటి మధ్య నుంచి ఒక గీత గీకుతాను. ఊడిపోయిన కణాల్ని కడిగేసి ఫోటో తీస్తాను, 24 గంటల తర్వాత మళ్లీ తీస్తాను. గాయం చేస్తే కణాలు కదిలి వస్తాయి, అదే నా లెక్క. పక్కన ఇన్నాళ్లూ ఆనుకుని ఉన్న కణం లేదని అంచున ఉన్నదానికి తెలుస్తుంది. పై పొర మీద బయటి సంగతులు పసిగట్టే రిసెప్టర్ల నుంచి లోపలికి కబురు వెళ్తుంది. ఖాళీ వైపు రాక్ అనే ప్రోటీను మేలుకుంటుంది, కణానికి లోపలి ఎముకల గూడు లాంటి ఆక్టిన్ పోగులు పెరిగి పొరని ముందుకి నెడతాయి, వెనకభాగాన్ని రో అనే ఇంకో ప్రోటీను బిగించి లాగుతుంది. రాక్ పని ఇది, రో పని ఇది అని 1992లో ఆన్ రిడ్లీ, ఆలన్ హాల్ తేల్చారు. మా ఫోటోల్లో ఇవాళ బాగా వచ్చింది కూడా అదే, రాక్‌ని ఆపితే గీత పూడలేదు.

అంటే గెలికితే కదులుతాయని నా ఫోటోలే చెబుతున్నాయి! దొడ్డమ్మ వచ్చి నా ప్లేటు చూస్తే, నేను సెప్పలేదేటి అంటుంది.

కాసేపు అక్కడే పిట్టగోడ మీద కూర్చుండిపోయాను. నా గీతకి కేన్సర్ కణాలే కాదు, మంచి కణాలూ కదులుతాయి. మోకాలు చెక్కుకుపోతే మానేది అందుకే. మంచివి అవతలి గట్టు కణాల్ని తాకగానే ఆగిపోతాయి. కేన్సర్ కణాలకి ఆ మర్యాద చాలామటుకు ఉండదు. పైగా కదలడం వేరు, వేరేచోట కాపురం పెట్టడం వేరు. 1970లో ఫిడ్లర్ అనే ఆయన ఎలుకల రక్తంలోకే నేరుగా కేన్సర్ కణాలు ఎక్కించి చూశాడు. ఒక రోజు తిరిగేసరికి నూటికి ఒకటి కూడా బతకలేదు. ముక్క తీసే సూది దారిలో కణాలు అంటుకోవడం కొన్ని రకాల గడ్డల్లో జరుగుతుంది గాని, అది అరుదు. అయినా "దానికే పాకదు" అని అంత అడ్డంగా అనకుండా ఉండాల్సింది అనిపిస్తోంది. ఆవిడ కళ్లతో చూసినదాన్ని లేదన్నట్టు అయింది.

ఆవిడ చూసింది నిజమే కూడా. తోటికోడలు ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లి ఉంటుంది? మింగుడు పడనప్పుడు. అప్పటికే పాకి ఉంటుంది. కత్తి పెట్టిన తర్వాత పోయింది కాబట్టి నేరం కత్తి మీద పడింది. నేను పెంచే కణాలు అమెరికాలో ఒకావిడవి. రొమ్ములో పుట్టిన కేన్సర్, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్లలోంచి తీశారు. ఎవరో తీసేనాటికే అవి అంత దూరం వెళ్లి కూర్చున్నాయి.

ఇదంతా దొడ్డమ్మకి ఎలా చెప్పాలి? రాక్, రో అంటే మా నాన్నే పారిపోతారు. "పాకేదయితే గెలక్కపోయినా పాకుతాది దొడ్డమ్మా, ఎంతవరకు ఎల్లిందో చూద్దాం, రా" అంటే వింటుందేమో. అబ్బాయితో మాత్రం ఇంత మెత్తగా మాట్లాడను. వాడి మీద కోపం ఇంకా అలాగే ఉంది.

వైజాగ్‌లో శుక్రవారం చూస్తారట. నాకేమో గురువారం ఆమదాలవలసలో రైలు. టికెట్ మార్చుకుంటే తత్కాల్ తప్ప దిక్కు లేదు, పైగా శనివారం కణాలకి మీడియం, అంటే అవి పెరిగే పోషక ద్రవం, మార్చాలి. నా బదులు ఎవరు మారుస్తారో పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కోవాలి.