ఎస్టీపీ వద్దంటూ టెంటు వేసే ముందు

హైదరాబాద్‌లో ఏ చెరువు పక్కన మురుగు శుద్ధి కేంద్రానికి (ఎస్టీపీకి) కొలతలు మొదలైనా కాలనీ సంఘం ఫ్లెక్సీ వెంటనే లేస్తుంది. వాసన వస్తుంది, దోమలు పెరుగుతాయి, ప్లాట్ల ధర పడిపోతుంది. ఎక్కడ విన్నా ఇవే మాటలు. వాసన భయం నిజమే. దోమల మాటలో పస లేదు. గాలి బుడగలతో కదులుతూ ఉండే ట్యాంకులో దోమ గుడ్డు నిలవదు. క్యూలెక్స్ దోమ పెరిగేది కాలనీ వెనక ఇప్పటికే నిలిచిపోయిన నాలాలో. ధరల సంగతి ప్లాంటును ఎంత శ్రద్ధగా నడుపుతారన్న దాని మీద ఉంటుంది, అంటే మళ్లీ వాసన దగ్గరికే వస్తాం.

2021లో 31 కొత్త ఎస్టీపీలు మంజూరైనప్పుడు జలమండలి (నగర నీటి, మురుగు బోర్డు) చూపిన లెక్క ఇది: అప్పటి జీహెచ్ఎంసీ పరిధిలో రోజూ పుట్టే మురుగు సుమారు 1,650 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు), ఉన్న 25 ప్లాంట్ల సామర్థ్యం 772 ఎంఎల్‌డీ. మిగిలిందంతా శుద్ధి లేకుండా నాలాల్లోకి, చెరువుల్లోకి, మూసీలోకి పోతున్నట్టే. కొత్తవాటి సామర్థ్యం 1,259.5 ఎంఎల్‌డీ, అంచనా వ్యయం రూ.3,866 కోట్లు. మనిషికి 135 లీటర్ల నీళ్లు ఇస్తే అందులో 80 శాతం మురుగై తిరిగొస్తుందని వేసుకుంటే 10 ఎంఎల్‌డీ ప్లాంటు 90 వేల మందికి సరిపోతుంది. ఇంత లోటు కళ్లెదుట ఉన్నప్పుడు ‘మాకు వద్దు’ అనే ఒక్క మాట నిలబడడం కష్టం. ‘ఈ డ్రాయింగులో ఫలానాది లేదు’ అని వేలు పెట్టి చూపిస్తే మాత్రం ఇంజినీరు జవాబు చెప్పక తప్పదు.

‘ఊరి బయటికి మార్చండి’ అన్న డిమాండుకూ ఇదే పరీక్ష. మురుగు పల్లానికి పారుతుంది కాబట్టే ప్లాంటు చెరువు ఒడ్డునో నాలా చివరో వస్తుంది. 10 ఎంఎల్‌డీని 10 మీటర్ల ఎత్తుకు పంపు చేయాలంటే రోజుకు 450 యూనిట్ల దాకా కరెంటు కావాలి. ఆ ఖర్చు ఏ బోర్డుకైనా మోయలేనిదేమీ కాదు. అసలు చిక్కు వేరే ఉంది. కిలోమీటర్ల కొద్దీ పైపులో గంటల తరబడి గాలి తగలకుండా ఉన్న మురుగు కుళ్లి, అవతల మరింత కంపుతో బయటపడుతుంది. పంపు ఆగిన రోజు పొంగేది మళ్లీ మన నాలాలోకే.

పూర్తిగా ఆపాల్సిన ప్లాంట్లూ ఉంటాయి. లేఅవుట్‌లో పార్కుగా చూపించి గిఫ్ట్ డీడ్‌తో మున్సిపాలిటీకి అప్పగించిన ఖాళీ జాగాలో కడుతుంటే గట్టిగా నిలబడొచ్చు. పార్కు స్థలాన్ని ఆస్పత్రికి ఇచ్చిన బెంగళూరు కేసులో 1991లోనే సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని చెప్పింది, చుట్టుపక్కల వాళ్లకు కోర్టుకెక్కే హక్కు ఉందనీ చెప్పింది. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) సంగతీ అంతే. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. ముందు ఎఫ్‌టీఎల్ మ్యాపు తెచ్చి, దాని మీద ప్లాంటు హద్దులు గీయించండి. ఆ గీత లేకుండా ‘చెరువులో కడుతున్నారు’ అని వినతిపత్రం ఇస్తే అది ప్రజావాణి రిజిస్టర్‌లో ఒక నంబరుగా మిగిలిపోతుంది.

చాలా సంఘాలు టైమూ డబ్బూ పోగొట్టుకునే దారులు రెండున్నాయి. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ జరపలేదని వాదించడం ఒకటి. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ జాబితాలో పరిశ్రమల ఉమ్మడి వ్యర్థజల ప్లాంట్లు ఉన్నాయి గానీ ఇళ్ల మురుగు ఎస్టీపీ విడిగా లేదు. చట్టం అడగని సభను జరపలేదంటే కేసు నిలవదు. సివిల్ కోర్టులో స్టే కోసం వెళ్లడం రెండోది. 2018 సవరణ తర్వాత స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 20ఏ, 41(హెచ్ఏ) సెక్షన్లు వచ్చాయి. మౌలిక వసతుల పనికి ఆటంకం కలిగించే ఇంజంక్షన్ ఇవ్వొద్దని అవి చెబుతున్నాయి, ఆ షెడ్యూల్‌లో మురుగు శుద్ధి కూడా ఉంది. పనికొచ్చే తలుపు చెన్నైలోని ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దక్షిణ బెంచ్. ఎన్జీటీ చట్టం సెక్షన్ 14 కింద ఆర్నెల్ల లోపు వెళ్లాలి, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. శంకుస్థాపన ఫొటో పేపర్లో చూసి, నాయకుడి హామీ నమ్మి ఏడాది ఆగితే ఆ తలుపు మూసుకుపోతుంది.

ఇక కాగితాలు. పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు జలమండలికి ఒకటి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి పెట్టండి. ‘ప్రాజెక్టు వివరాలు ఇవ్వగలరు’ అని రాస్తే ఒక పేజీ జవాబు వస్తుంది. పేరు పెట్టి అడగాలి: సర్వే నంబరు, స్థలం బదిలీ ఉత్తర్వు, లేఅవుట్ డ్రాయింగ్, హైడ్రాలిక్ ప్రొఫైల్ (ప్లాంటులో ఎక్కడ నీళ్లు ఏ మట్టంలో ఉంటాయో చూపే బొమ్మ), టెండర్‌లో వాసన నియంత్రణకు రాసిన సాంకేతిక షరతులు, నిర్వహణ గడువు, జరిమానా క్లాజులు. కాలుష్య మండలి నుంచి సీఎఫ్ఈ (ప్లాంటు కట్టడానికి ఆ మండలి ఇచ్చే అనుమతి) కాపీ, దాని షరతులతో సహా. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. ఆర్టీఐ చట్టం సెక్షన్ 2(జె) కింద పని జరిగే చోటును తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఎందుకో గానీ ఈ హక్కును కాలనీ సంఘాలు వాడుకోవడం చాలా అరుదు.

డ్రాయింగు చేతికొచ్చాక ముందు వాసన పుట్టే చోట్లు వెతకండి. పెద్ద పెద్ద గాలి ట్యాంకులను చూసి జనం భయపడతారు. వాటిలో ఆక్సిజన్ అందుతున్నంత కాలం వచ్చేది తడిమట్టి లాంటి వాసనే. కుళ్లిన కోడిగుడ్డు కంపు, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్, వచ్చేది మురుగు మొదట పడే ఇన్‌లెట్ చాంబర్, జల్లెడలు, ఇసుక దిగే గ్రిట్ చాంబర్, పంపుల వెట్ వెల్ (పంపు తోడే ముందు మురుగు చేరే బావి), చివర్లో బురద ట్యాంకు నుంచి. గాలిలో వంద కోట్లలో కొన్ని పాళ్లున్నా మన ముక్కు దీన్ని పట్టేస్తుంది. మురుగు ఎత్తు నుంచి దూకే చోట కరిగి ఉన్న వాయువు ఒక్కసారిగా బయటికొస్తుంది. అందుకే ఇన్‌లెట్ పైపు నీటి మట్టం కంటే పైన ఉందా, కింద మునిగి ఉందా అన్నది హైడ్రాలిక్ ప్రొఫైల్‌లో మొట్టమొదట చూడాలి.

ఈ చోట్లన్నిటినీ ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) మూతలతో కప్పమని అడగడం మామూలే. మూత ఒక్కటే వేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. లోపల వాయువు పేరుకుని కాంక్రీటును తినేస్తుంది, దిగిన కార్మికుడి ప్రాణం తీస్తుంది. పైగా జల్లెడలో ఇరుక్కున్న ప్లాస్టిక్ లాగడానికి తెరిచిన మూత మళ్లీ మూతపడదు. మూత కింద గాలిని ఫ్యాన్‌తో లాగి, డక్టు గుండా వాసనను పీల్చేసే బయోఫిల్టర్‌కో స్క్రబ్బర్‌కో పంపాలి. మూతల కింద ఖాళీ 400 ఘనమీటర్లుండి, గంటకు పది సార్లు గాలి మారాలంటే 4,000 ఘనమీటర్ల ఫ్యాన్ కావాలి. స్టాండ్‌బై ఫ్యాన్ ఉందో లేదో చూడండి. బయోఫిల్టర్‌లోని కొబ్బరి పీచో చెక్క ముక్కలో ఏప్రిల్, మే నెలల్లో ఎండిపోతే అందులోని సూక్ష్మజీవులు చస్తాయి, కాబట్టి నీళ్లు చల్లే ఏర్పాటు ఉండాలి. యాక్టివేటెడ్ కార్బన్ పెడితే అది నిండిపోయాక ఎప్పుడు, ఎవరి ఖర్చుతో మారుస్తారన్నది నిర్వహణ ఒప్పందంలో ఉండాలి. లేకపోతే రెండో ఏడాదికి అది ఖాళీ డబ్బా.

శబ్దం సంగతి ట్యాంకుల్లోకి గాలి కొట్టే బ్లోయర్ల దగ్గర తేలుతుంది. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. హుడ్ వేశాక కూడా మీటరు దూరంలో 85 ఉన్న ఒక్క బ్లోయర్, మధ్యలో అడ్డేమీ లేకపోతే, 45కు తగ్గేది వంద మీటర్ల దగ్గరే. మూడు కలిసి నడిస్తే ఇంకో 5 డెసిబెల్స్ కలుపుకోవాలి. బ్లోయర్ గదిని ఇళ్ల వైపు కాకుండా అవతలి మూలకు మార్చమనండి. టెండర్‌కు ముందు అయితే అది పెన్సిల్ గీతతో అయ్యే పని. టెండర్ ఖరారయ్యాక అదే మార్పు ‘ఎక్స్‌ట్రా ఐటమ్’ అవుతుంది, దాని మీద సంతకం పెట్టే అధికారి దొరకడు.

బురద లెక్క ఎవరూ అడగరు. 10 ఎంఎల్‌డీ ప్లాంటులో రోజుకు సుమారు రెండు టన్నుల ఎండు బురద వస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి నీళ్లు పిండే యంత్రంలో) పిండినా అందులో 80 శాతం నీళ్లే కాబట్టి బయటికి పోయేది పది టన్నులు, అంటే రోజుకో టిప్పర్. ఆ టిప్పర్ ఏ వీధిలోంచి, ఏ వేళకు పోతుంది? సెంట్రిఫ్యూజ్ ఒక్కటే ఉంటే అది చెడిన వారం బురద ట్యాంకులో నిలిచి కుళ్లుతుంది. దానిలో కలిపే పాలిమర్ కొనడానికి కాంట్రాక్టరు వెనకాడినా అదే జరుగుతుంది. ‘ఎస్టీపీ వాసన’ అని ఫిర్యాదులొచ్చినప్పుడు ముందు చూడాల్సింది బురద పిండే ఈ గదిని. జనరేటర్ విషయంలోనూ ఇలాంటి పొదుపే జరుగుతుంది. పంపులకు, లైట్లకు సరిపోయేది పెట్టి బ్లోయర్లను వదిలేస్తారు. కొన్ని గంటల కరెంటు కోతకు ట్యాంకు మొత్తం పులిసిపోతుంది.

ఇక బైపాస్. వరద ఎక్కువైనప్పుడు మురుగును లోపలికి రానీకుండా నేరుగా నాలాలోకి వదిలే గేటు ప్రతి ప్లాంటుకూ ఉంటుంది, ఉండాలి కూడా. కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి రాత్రిపూట దాన్ని కొద్దిగా తెరిచి పెడితే ఎవరికీ తెలీదు. ఇన్‌లెట్‌లోనూ ఔట్‌లెట్‌లోనూ మీటర్లుంటాయి, బైపాస్‌కు ఉండదు. దానికీ ఫ్లో మీటర్ పెట్టాలని, ఆ రీడింగు గేటు దగ్గరి బోర్డు మీద బీఓడీ (నీళ్లలోని మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్), టీఎస్ఎస్ (నీళ్లలో కరగకుండా ఉన్న నలుసులు) అంకెల పక్కనే కనపడాలని టెండర్ షరతుల్లో రాయించండి. బీఓడీ హద్దుగా 2017 కేంద్ర నోటిఫికేషన్ మెట్రో నగరాలకు లీటరుకు 20 మిల్లీగ్రాములు పెట్టింది, 2019లో ఎన్జీటీ 10 అంది. సీఎఫ్ఈలో ఏ అంకె ఉందో చూసి, బోర్డు మీద అదే వేయించాలి. మొదటి నెలన్నర ఆ అంకెలు బాగుండవు. సూక్ష్మజీవులు పెరగడానికి పట్టే టైము అది, ట్యాంకుల మీద తెల్లటి నురగ కూడా తేలుతుంది. వేరే ప్లాంటు నుంచి బతికున్న బురద ట్యాంకర్లలో తెచ్చి పోస్తే ఆ గడువు తగ్గుతుంది. ఆ తర్వాత కూడా నురగ తగ్గకపోయినా, తెల్లవారుజామున ఔట్‌లెట్ నీళ్లు నల్లగా కనిపించినా బైపాస్ రీడింగు, బ్లోయర్లు నడిచిన గంటల రిజిస్టరు కలిపి ఆర్టీఐలో అడగండి.